న్యూజీన్స్ ‘గెట్ అప్’: తిట్టాల్సిన పాట అది కాదు

కొరియా అమ్మాయిల పాప్ గ్రూపు న్యూజీన్స్ 2023లో తెచ్చిన ఆల్బమ్ ‘గెట్ అప్’లో ఆరు పాటలు. అన్నీ కలిపితే 12 నిమిషాల చిల్లర. జూలై 21న వచ్చిన దగ్గర్నుంచి మా హాస్టల్లో ఈ పన్నెండు నిమిషాల మీద జరిగిన గొడవ మాత్రం గంటల లెక్కలో ఉంటుంది. మా ఫ్లోర్‌లో నాతో కలిపి నలుగురం ‘బన్నీ’లం. ఈ గ్రూపు ఫ్యాన్స్‌ని అలాగే పిలుస్తారు. నలుగురిలో ఏ ఇద్దరి అభిప్రాయమూ కలవదు.

బీకాం చదివే మా రూమ్మేట్ మొదటిరోజే లెక్క తేల్చేసింది. ‘న్యూజీన్స్’, ‘సూపర్ షై’ రెండూ జూలై 7నే వదిలేశారు కాబట్టి కొత్తగా వచ్చినవి నాలుగే. అందులో టైటిల్ పాట ‘గెట్ అప్’ 36 సెకన్లు. "గుళ్లో పులిహోర ప్రసాదంలా ఇంత చేతిలో పెట్టి పంపించేశారే" అని దాని ఏడుపు. కాదనలేను. ఇన్నాళ్లు ఎదురుచూసిన వాళ్లకి ఆ మాత్రం కోపం రావాలి కూడా. కానీ ఆ కోపం పోయి పోయి 36 సెకన్ల ముక్క మీద పడటమే నాకు నచ్చలేదు. నన్నడిగితే ఆల్బమ్‌లో తీసేయాల్సింది మొదటి పాట.

అది ‘న్యూజీన్స్’. గ్రూపు పేరే పాట పేరు. మేం కొత్త, మా స్టైల్ కొత్త అని రెండు నిమిషాలు కూడా నిండకుండా తమ గురించి తామే చెప్పుకుని వెళ్లిపోతారు. వీడియోలో చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసిన పవర్‌పఫ్ గర్ల్స్ కనిపిస్తారు కాబట్టి అందరూ మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను. కళ్లు మూసుకుని వింటే మాత్రం అక్కడ పాటంటూ ఏమీ మిగలదు.

‘సూపర్ షై’ వేరు. దీన్ని ఫోన్ స్పీకర్‌లో విని "ఏముంది ఇందులో" అన్న మా పక్క రూమ్ అమ్మాయికి నా ఇయర్‌ఫోన్స్ పెట్టి మళ్లీ వినిపించాను. కింద డ్రమ్స్ తరుముతున్నట్టు పరిగెడుతుంటాయి, పైన వీళ్లు మాత్రం చెవి దగ్గర గుసగుసలాడినంత నెమ్మదిగా పాడతారు. మనసులో మాట చెప్పలేక లోపల గుండె కొట్టుకుంటుంటే, పైకి ఏమీ లేనట్టు నిలబడ్డ పిల్ల అవస్థ మొత్తం ఆ రెండింటి మధ్యే ఉంది. స్పీకర్‌లో ఆ కింది సగం వినపడదు. ఆ అమ్మాయికి ఇంకో అభ్యంతరం కూడా ఉంది: "పల్లవితో మొదలెట్టి పల్లవితోనే తిరుగుతున్నారు, చరణం ఏదీ?" సినిమా పాటలతో పెరిగిన చెవులకి అలాగే ఉంటుంది మరి. పై స్థాయిలో ఒక్క స్వరం పట్టుకుని నిలబెట్టేవాళ్లు లేరని, లైవ్‌లో తేలిపోతారని కూడా అంది. షికాగోలో జరిగే లొల్లాపలూజా సంగీతోత్సవం స్టేజి మీద పాడిన వీడియోలు చూశాక ఆ మాట కాస్త తగ్గించింది. అయినా అప్పటికి గ్రూపులో పెద్దమ్మాయి మింజీకి 19, చిన్నది హేయిన్‌కి 15. ఆ వయసు గొంతులకి తగ్గట్టు పాట కట్టడం లోపం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

‘ఈటీఏ’ (అంటే ఎన్నింటికి చేరతావు అని) దగ్గర మాత్రం నలుగురం ఒక్కటే మాట. ఒకమ్మాయి ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, మీవాడు ఇక్కడ పార్టీలో నీ వెనకాల వేషాలు వేస్తున్నాడే, నువ్వెప్పుడొస్తావు అని తొందరపెడుతుంటుంది. వెనక బ్రెజిల్ డాన్స్ సంగీతం బైలే ఫంక్ పోకడలో ఒకటే హార్న్ ముక్క. అది ఆగదు, మారదు, కాసేపటికి విసుగొచ్చేలా ఉంటుంది. చాడీ చెప్పేవాళ్లు ఫోన్ పెట్టేయకపోతే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. వీడియోతోనే పేచీ. దాన్ని ఐఫోన్ 14 ప్రోతో తీశారు, అందులో వీళ్ల చేతుల్లోనూ ఆ ఫోనే. పాట చూస్తున్నామా, యాడ్ చూస్తున్నామా అని మా బీకాం మేడమ్ అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఇక చివరి మూడు పాటలు. ‘కూల్ విత్ యు’, ‘గెట్ అప్’, ‘ఏఎస్ఏపీ’. దయచేసి షఫుల్ ఆపి, ఈ వరసలోనే వినండి. ‘కూల్ విత్ యు’ వీడియోలో హాంకాంగ్ నటుడు టోనీ లియాంగ్ కాసేపు కనిపించేసరికి అందరూ ఆయన గురించీ, ‘స్క్విడ్ గేమ్’ అమ్మాయి జంగ్ హోయాన్ గురించీ మాట్లాడారు. పాట పక్కకి పోయింది. అది ప్రేమ పాటే, కానీ ఎక్కడా పొంగిపోదు, సగం దిగులుగానే ఉంటుంది. ఆ దిగులు నుంచి ‘గెట్ అప్’లోకి దిగుతాం. అంతవరకు పరిగెత్తిన డ్రమ్స్ వెనక్కి తగ్గి, గొంతులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పరుచుకుంటాయి. ఇంకాస్త ఉంటే బాగుండనుకునే లోపే అయిపోతుంది. దీన్ని మూడు నిమిషాలకి సాగదీసి ఉంటే మామూలు స్లో పాట అయ్యేది. తర్వాత ‘ఏఎస్ఏపీ’ గడియారం టిక్కుటిక్కులా వచ్చి, పెద్ద ముగింపేమీ లేకుండా ఆల్బమ్‌ని వదిలేస్తుంది. ఈ మూడింటి రచనలోనూ, ‘సూపర్ షై’లోనూ డెన్మార్క్ గాయని ఎరికా డి కాసియర్ చెయ్యి ఉంది. ఆమె సొంత పాటలు వింటే ఈ గుసగుస ఎక్కడిదో తెలిసిపోతుంది.

ఈ ఆల్బమ్ అమెరికా చార్టు బిల్‌బోర్డ్ 200లో ‘బార్బీ’ సినిమా ఆల్బమ్‌ని వెనక్కి నెట్టి నేరుగా 1వ స్థానంలో దిగింది కాబట్టి, మా నాలుగు అభిప్రాయాల కోసం వాళ్లేం కంగారు పడరు.

కొనాలా అంటే, వద్దు. మేం నలుగురం డబ్బులు వేసుకుని, సీడీకి బ్యాగ్ కూడా జతచేసి అమ్మే బీచ్ బ్యాగ్ వెర్షన్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. షిప్పింగ్, కస్టమ్స్ కలిపేసరికి కళ్లు తిరిగాయి. పంపినవాళ్లు సరిగ్గా ప్యాక్ చేయక అట్టపెట్టె ఒక మూల నలిగిపోయి వచ్చింది, మెసేజ్ పెడితే జవాబు లేదు. సీడీ పెట్టుకోవడానికి మా నలుగురి లాప్‌టాప్‌ల్లో ఒక్కదానికీ డ్రైవ్ లేదు. బ్యాగ్ ముచ్చటగానే ఉంది గానీ పుస్తకాలు మొయ్యదు. ఆరు పాటల కోసం ఇంత అవసరం లేదు, యాప్‌లో వినేయండి. ఆల్బమ్‌తో వచ్చే ఫోటోకార్డుల పిచ్చి ఉన్నవాళ్లు ఎలాగూ నా మాట వినరు, మా రూమ్మేట్ కూడా వినలేదు. అంత లెక్కలు తేల్చిన మనిషే ఇప్పుడు ఇంకో వెర్షన్‌కి మమ్మల్ని చందాలు అడుగుతోంది.