పాత గని బావికి ఫోమ్ బిరడా: ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది

వదిలేసిన గని బావుల నోరు మూయడానికి దొరికే సరుకుల్లో పాలీయురేథేన్ ఫోమ్ ఒకటి. రెండు ద్రవాలు ఒకే సంచిలో వేర్వేరు అరల్లో ఉంటాయి. మధ్య అడ్డు తీసి, బాగా పిసికి బావిలో పోస్తే సుమారు 30 రెట్లు పొంగి నిమిషాల్లో బిగుస్తుంది.

జేసీబీ ఎక్కని గుట్టల మీద దీనికి సాటి లేదు. 2 మీటర్ల చదరం, 20 మీటర్ల లోతున్న బావిని పూడ్చాలంటే 80 ఘనపు మీటర్ల మట్టి కావాలి, అంటే వంద టన్నుల పైమాటే. అదే బావికి 3 మీటర్ల మందాన బిరడా వేస్తే 12 ఘనపు మీటర్ల ఫోమ్ సరిపోతుంది. బిగిశాక ఘనపు మీటరు 32 కిలోలు తూగే రకమైతే 385 కిలోల సరుకు. వృథాకు ఇంకో పదో వంతు కలుపుకున్నా మనుషులు మోసుకెళ్లగలరు.

ఫోమ్ బరువు మోసేది గోడలను కరిచిపట్టుకునే. అందుకే ముందు చూడాల్సింది బావి ఒర. పైన వదులు మట్టి, పుచ్చిన దుంగలు ఉంటే అవి ఊడి బిరడా అంచు చుట్టూ కొత్త గొయ్యి పడుతుంది. గట్టి రాయి తగిలేదాకా వదులు సరుకు తీసేశాకే పోయాలి. ఆ పని చేసేవారు ఒళ్లంతా పట్టి ఉంచే సేఫ్టీ హార్నెస్ వేసుకుని ఉండాలి, దాని తాడు రెండో కొస బావికి దూరంగా గట్టి ఆధారానికి కట్టాలి. పాత చెక్కమూత మీద మట్టి పేరుకుని గడ్డి మొలిచిన చోటు, తెరిచి ఉన్న బావికన్నా ప్రమాదం.

అడుగున ప్లైవుడ్డో టార్పాలినో తాళ్లతో వేలాడదీస్తారు. మొదటి పొర బిగిసేదాకా అది ఆగితే చాలు, తర్వాత ఫోమే ఫోమ్‌ను మోస్తుంది. ఎక్కువ చెడేది ఇక్కడి నుంచే, అదీ తొందరవల్ల. కలిసేటప్పుడు పుట్టే వేడి మందపాటి పొర నడుమ చిక్కుకుంటే లోపల మాడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. తయారీదారు చెప్పిన మందం దాటకుండా పోసి, వేడి తగ్గాకే పై పొర వేయాలి. చలిలో సరిగా పొంగదు, లెక్క తప్పుతుంది. గోడ తడిగా ఉంటే నురగ గుల్లబారి పట్టు పోతుంది. ఆ రెండు ద్రవాల్లో ఒకటైన ఐసోసయనేట్ ఆవిరికి గుడ్డ మాస్కు చాలదు, విషవాయువును ఆపే తగిన రెస్పిరేటర్ ఉండాల్సిందే.

నీరు దిగడానికి బిరడాలోంచి ఒక పీవీసీ గొట్టం పెట్టాలి. ఎండకు ఫోమ్ గోధుమరంగు తిరిగి పొడిపొడిగా రాలుతుంది, నిప్పుకూ ఆగదు. అర మీటరుకు తగ్గకుండా మట్టి కప్పి, నడుమ కాస్త ఎత్తుగా ఉంచాలి. లేకపోతే మట్టి అణిగి మడుగు కడుతుంది.

గబ్బిలాలున్న బావికి ఇది వద్దు. గాలి ఆడేలా, గబ్బిలాలు వచ్చిపోయేలా సందులున్న ఉక్కు చట్రం వేయాలి.

ఇక నేల కింద తక్కువ లోతులో స్తంభాలు వదిలి తవ్విన గని కుంగుతుంటే, పైన పడ్డ గొయ్యిలో ఫోమ్ పోయడం దండగ. కప్పు రాలుతూ గుల్ల పైకి జరుగుతుంటుంది. రాలిన రాయి ముక్కల మధ్య ఖాళీలతో కలిపి 1.3 రెట్లు చోటు పడుతుందనుకుంటే, 2 మీటర్ల గుల్ల నిండడానికి కప్పు మరో 6 నుంచి 7 మీటర్లు కూలాలి. నేల అంతకన్నా పలచగా ఉంటే గొయ్యి బయటపడుతుంది. దానికి సాధారణంగా బోర్లు వేసి గుల్లను సిమెంటు గ్రౌట్‌తో, అంటే జారుడుగా కలిపిన సిమెంటు ముద్దతో, నింపుతారు.

ఫోమ్‌కు నా మార్కులు: గట్టి రాతిలో ఇరుకుగా, పొడిగా ఉన్న బావికి 5కి 4. నేల కుంగుబాటుకు సున్నా.