చుట్టడానికా, మడవడానికా?

చెన్నై ఆండర్సన్ వీధిలోని ఈ కాగితాల దుకాణంలో మర్యాద దొరకదు, ముందే చెబుతున్నాను. కూర్చోమనరు. పది షీట్లకు తక్కువ అడిగితే తలెత్తి చూడరు. అయినా ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే మా మనవడి అంతరిక్ష నౌక దగ్గర మొదలుపెట్టాలి.

పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారం డ్రాయింగ్ ఆఫీసులో ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రేకును ఎక్కడ కత్తిరిస్తే ఎలా వంగి ఏ ఆకారానికి వస్తుందో ముందుగా కాగితం మీద గీసి చూపడం నా పని. దసరా సెలవులకు నెల్లూరు నుంచి వచ్చిన మనవడు స్టార్ ట్రెక్‌లోని ఎంటర్‌ప్రైజ్ నౌక బొమ్మ చూపించి, "తాతయ్యా, దీన్ని కాగితంతో పెద్దగా చేద్దాం" అన్నాడు. 1966లో మొదలైన ఆ టీవీ సీరియల్‌లో నేను ఒక్క భాగం కూడా చూడలేదు. కొలతలు మాత్రం అడిగాను. కథలో నౌక పొడవు 289 మీటర్లు, పళ్లెంలాంటి ముందు భాగం వ్యాసం 127 మీటర్లు. 1:250 చొప్పున వేస్తే పొడవు 115 సెంటీమీటర్ల పైచిలుకు, పళ్లెం 51 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మా భోజనాల బల్ల మీద పడుతుంది, సరే అన్నాను.

మొదట వాడు తెచ్చిన, కత్తిరించి అతికించే నమూనానే ఏ4 కాగితాల మీద ప్రింటు తీయించాం. ప్రింటరు తనంతట తానే బొమ్మను పేజీకి సరిపెట్టుకుంది. పది సెంటీమీటర్లు ఉండాల్సిన కొలత గీతను స్కేలు పెట్టి చూస్తే 9.7 వచ్చింది. పైగా పళ్లెం ఒక్కటే డజన్ల కొద్దీ ముక్కలు. అతికించేసరికి మాసికల బొంతలా తయారైంది. రెండో రోజు వాన పట్టింది, తడిగాలికి అది అప్పడంలా వంకర తిరిగింది.

కాగితం మీద అనుమానం అప్పుడే వచ్చింది. ఏ4 షీట్లు పదహారు పక్కపక్కన పరిస్తే దాదాపు సరిగ్గా ఒక చదరపు మీటరు అవుతుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములనే లెక్కే కాబట్టి 200 జీఎస్ఎం అని అమ్మిన కాగితం పదహారు షీట్లకు 200 గ్రాములు తూగాలి. మా ఆవిడ వంటింటి తూకం మీద పెడితే 168 చూపింది. మా వీధి దుకాణదారుణ్ణి అడిగితే, "అందరూ అదే కొంటున్నారు సార్" అన్నాడు. అది జవాబు కాదు.

అలా జార్జ్ టౌన్ వెళ్లాను. హైకోర్టు మెట్రో దగ్గర దిగి నడిస్తే ఆండర్సన్ వీధి. శుభలేఖలు, డైరీలు, రీముల కొద్దీ కాగితం, తోపుడు బళ్లు. ఈ దుకాణంలో గల్లా దగ్గర ఒక పెద్దాయన ఉంటాడు. 200 జీఎస్ఎం, పూత లేని తెల్ల కార్డు కావాలన్నాను. ఆయన ధర చెప్పలేదు. "చుట్టడానికా, మడవడానికా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఏ దుకాణంలోనూ ఎవరూ అడగలేదు. కాగితంలో నార ఒక వాటంగా పడుకుని ఉంటుంది. ఆ వాటం గొట్టం నిలువునా ఉంటే కాగితం నునుపుగా చుట్టుకుంటుంది, అడ్డంగా ఉంటే మొండికేసి పలకలు పలకలుగా విరుగుతుంది. చెమ్మ తగిలినా అంతే, నారకు అడ్డంగానే ఎక్కువ ఉబ్బుతుంది. పెద్దాయన ఒక మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి, తడివేలితో ఒక పక్క రాసి అరచేతిలో పెట్టాడు. అది దోనెలా ముడుచుకుంది. "దోనె ఎటు పొడవుగా ఉందో నార అటు" అన్నాడు. సూత్రం నాకూ తెలుసు, అయినా ఆ చెయ్యి చూస్తూ నిలబడిపోయాను.

23×36 అంగుళాల షీట్లు పన్నెండు తీసుకున్నాను, షీటు 18 రూపాయలు. లెక్క ప్రకారం పన్నెండూ కలిపి 1,282 గ్రాములు తూగాలి. ఐదేసి గ్రాములు చూపే ఆ దుకాణం కాటా మీద 1,280 వచ్చింది. పెద్దాయన నా ముఖం చూసి నవ్వాడు, ఆ రోజుకు అదొక్కటే నవ్వు.

ఇంత పెద్ద షీటు దొరకడంతో నమూనాను పక్కన పెట్టి పళ్లెం పైమూతను నేనే పెద్ద వృత్తాలు గీసే బీమ్ కంపాసుతో ఒకే ముక్కగా గీశాను. దాన్ని మధ్యలో రెండు సెంటీమీటర్లు లేచిన శంకువుగా లెక్క కట్టాను. వృత్తం అంచున తీసెయ్యాల్సిన చీలిక ఎంతో తెలుసా? ఐదు మిల్లీమీటర్లు! అందులో ఒక్క మిల్లీమీటరు తక్కువ తీస్తే ఎత్తు రెండు మిల్లీమీటర్లు పడిపోతుంది. పల్చటి కాగితమైతే ఆ ఎత్తు నిలవకుండా మధ్యలో కుంగుతుంది. ఈ కాగితం నిలబెట్టింది. వెనకనున్న రెండు ఇంజను గొట్టాలు ఒక్కొక్కటి 61 సెంటీమీటర్ల పొడవు, ఏడు సెంటీమీటర్ల లావు. నార నిలువునా పెట్టి బల్ల అంచున రెండుసార్లు దువ్వాను, అంతే, వాటంతట అవే గుండ్రంగా వచ్చాయి. మడతలు పెట్టాల్సిన చోట సిరా అయిపోయిన రీఫిల్‌తో గీత నొక్కితే చాలు.

లోపలి ఆనుపలకలకు మందపాటి అట్ట అడిగాను. కుర్రవాడు తప్పుగా అచ్చైన తమిళ శుభలేఖల కట్ట ఒకటి తెచ్చి ఊరికే ఇచ్చాడు. మా నౌక కడుపులో పక్కటెముకలన్నీ అవే. పైమూత అతికించకముందు తొంగిచూస్తే పసుపు అంచులు, బంగారు వినాయకుళ్లు, ఎవరెవరివో పదకొండు పెళ్లిళ్లు. మా ఆవిడ దాన్ని శుభప్రదమంది.

నౌక సంక్రాంతికి పూర్తయింది. నౌక మీద ఉండే ఎన్‌సీసీ-1701 అన్న అంకెలు మనవడే రాశాడు, ఒకటి వంకరపోయింది. చిత్రీకరణకు వాడిన అసలు నమూనా పదకొండడుగులది, చెక్కా ప్లాస్టిక్కూ లోహమూ కలిసి దాదాపు 90 కిలోలు. ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మాది 610 గ్రాములు, పూజగది పైన అటక మీద ఉంది. ఇంజను గొట్టాలను మోసే సన్నటి కాళ్లలో వెదురు పుల్లలు దూర్చినా ఎడమది కాస్త ఒరిగింది. తప్పు నాదే, ఫెవికాల్ ఆరకముందే నిలబెట్టాను.

ఒక నక్షత్రం ఎందుకు కోశానంటే, మోసుకెళ్లడానికి వీళ్లు ఏ ఏర్పాటూ చేయరు. షీట్లను చుట్టి సన్నదారం కట్టి చేతిలో పెడతారు. వానాకాలంలో ఆటోలో తెస్తే అంచులు తడవడం ఖాయం, నావి రెండు షీట్లు అలాగే పోయాయి. పాలిథీన్ మీరే తీసుకెళ్లండి. బిల్లు అడిగితేనే ఇస్తారు. వెళ్లేదేదో మధ్యాహ్నం ఒంటిగంటలోపు వెళ్లండి. ఆ తర్వాత గల్లా దగ్గర కుర్రవాడు కూర్చుంటాడు. మంచివాడే, కానీ అతనికి కాగితాలన్నీ ఒకటే.