పాత ఫ్రిజ్: రిపేరా, కొత్తదా?

ఎండలు ముదిరాయంటే మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, చుట్టాల ఫోన్లలోనూ ఒకటే ప్రశ్న. "ఫ్రిజ్ కూల్ అవ్వట్లేదు, మెకానిక్ నాలుగు వేలు అంటున్నాడు. చేయించుకోమంటావా, కొత్తది కొనుక్కోమంటావా?" నన్నే ఎందుకు అడుగుతారంటే, పోయిన మే నెలలో రెండు వారాల తేడాతో మాకు రెండు ఫ్రిజ్‌లు మొరాయించాయి. హైదరాబాద్ నాచారంలో మా ఇంట్లోది పదకొండేళ్ల డబుల్ డోర్. మల్కాజిగిరిలో అమ్మవాళ్లది ఏడేళ్ల సింగిల్ డోర్. మాది బాగు చేయించాం, అమ్మవాళ్లది మార్చేశాం. వయసులో పెద్దది నిలబడింది, చిన్నది పోయింది.

అందుకే "పదేళ్లు దాటితే మార్చేయాలి" అనే మాట నేను ఒప్పుకోను. నేను చూసేది ఒకటే. చెడింది గ్యాస్ తిరిగే గొట్టాల లోపలా, బయటా?

గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, క్యాపిలరీ అనే సన్నటి గొట్టం, ఫ్రీజర్ దగ్గరి కాయిల్, ఇవన్నీ కలిపి ఫ్యాక్టరీలో సీల్ చేసిన ఒకే చుట్టు. స్టవ్ సిలిండర్‌లో గ్యాస్ అయిపోతుంది కానీ ఫ్రిజ్‌లో అయిపోదు. అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడ్డట్టే. ఆ చుట్టుకు బయట ఉండేవి వేరు: కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే, చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్, ఫ్యాన్, మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్, డోర్ రబ్బరు. వీటిలో ఏది పోయినా కొన్ని వందల నుంచి వెయ్యీ రెండు వేలలో తేలిపోతుంది. వీటి కోసం ఫ్రిజ్ మార్చడం డబ్బు పారేసుకోవడమే.

మా ఇంటి సంగతి చూడండి. కింద అరలో పెట్టిన దోసెల పిండి పొద్దున్నకి పొంగి పుల్లగా అయిపోయింది, పాలు విరిగాయి. పైన ఫ్రీజర్‌లో మాత్రం ఐస్ రాయిలా ఉంది. మొదట వచ్చిన అబ్బాయి డోర్ తీశాడు, కింద అరలో చెయ్యి పెట్టి చూశాడు, రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "గ్యాస్ అయిపోయింది మేడమ్. పదకొండేళ్లాయె గదా. మూడు వేల రెండొందలు అయితది." గ్యాస్ పోతే ఫ్రీజర్‌లో ఐస్ అంత గట్టిగా ఎలా ఉంటుంది? ఆ అనుమానంతోనే అతన్ని ఆగమన్నాను.

ఆ రాత్రి సామానంతా పక్కింటి ఫ్రిజ్‌లో సర్ది, మాది ఆఫ్ చేసి, రెండు తలుపులూ బార్లా తెరిచి ఇరవై నాలుగు గంటలు వదిలేశాం. కింద పాత తువ్వాళ్లు పరిచాం. ఎన్ని నీళ్లు కారాయో చెప్పలేను, తువ్వాళ్లు మూడుసార్లు పిండాల్సి వచ్చింది. మర్నాడు ఆన్ చేస్తే కింద అర చక్కగా చల్లబడింది. ఐదు రోజులు బాగానే నడిచి, ఆరో రోజు మళ్లీ మొదటికొచ్చింది. ఈ ఒక్క పరీక్షతోనే విషయం తేలింది. గ్యాస్ లేని ఫ్రిజ్ ఐస్ కరిగించినంత మాత్రాన ఐదు రోజులు బాగుపడదు. ఐస్ పేరుకుని గాలి దారి మూసుకుపోతోందన్నమాట.

మాదిలాంటి ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు దానంతటదే కరిగే) ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనక ప్యానెల్ చాటున ఉన్న కాయిల్ దగ్గర. అక్కడి నుంచి ఫ్యాన్ ఆ గాలిని కిందికి తోస్తుంది. కాయిల్ మీద పట్టే మంచును రోజూ కొన్నిసార్లు హీటర్ కరిగించాలి. హీటర్ దాకా కరెంటు వెళ్లే దారిలో బైమెటల్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. రెండోసారి వచ్చిన పెద్దాయన ప్యానెల్ విప్పి "చూడమ్మా" అన్నారు. కాయిల్ కనిపించనే లేదు, తెల్లటి మంచు గోడ ఉందంతే. ఆయన మీటర్ పెట్టి చూశారు. హీటర్ బాగుంది, బిళ్ల పోయింది, అందుకే హీటర్‌కు కరెంటు అందట్లేదు. రెండు వైర్లతో, ఐదు రూపాయల నాణెం కన్నా కాస్త పెద్దగా ఉంది. కూలితో కలిపి 1,150 రూపాయలు. ఏడాది దాటింది, ఇప్పటికీ నడుస్తోంది. ఆ రోజు గ్యాస్‌కు తల ఊపి ఉంటే డబ్బులూ పోయేవి, సీల్ కోసి మంచి గొట్టాన్ని పాడు చేసుకున్నట్టూ అయ్యేది.

ఇలా బయటి తప్పుల్ని గ్యాస్ మీదికి నెట్టేయడం ఎక్కువగా జరుగుతుంది. కంప్రెసర్ దగ్గర కొద్ది నిమిషాలకోసారి టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోతుంటే ముందు రిలే చూడమనండి, దాంతోపాటు వోల్టేజ్ కూడా. మన దగ్గర మే నెల సాయంత్రాలు అన్ని ఇళ్లలో ఏసీలు మొదలయ్యాక వోల్టేజ్ పడిపోయే వీధులు ఉన్నాయి. కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తుంటే నీళ్లు పోయే కన్నం మూసుకుపోయి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లు పోసి మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో నెమ్మదిగా పొడిస్తే సరిపోతుంది. వంద నోటు తలుపులో పెట్టి మూసి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టు.

ఇక అమ్మవాళ్ల ఫ్రిజ్. అది సింగిల్ డోర్, ఐస్ మనమే కరిగించుకోవాలి. మంచు మందంగా పట్టి పాల ప్యాకెట్ అతుక్కుపోయింది. చుట్టాలు వచ్చే హడావుడిలో అమ్మ కూరగాయల కత్తితో ఐస్ పొడిచింది. సుయ్‌మని ఒక శబ్దం వచ్చి, కాసేపటికి ఆ శబ్దం ఆగింది. ఐస్ పగిలిన శబ్దం అనుకుంది. ఆ ఫ్రీజర్ డబ్బా గోడలే కాయిల్, పల్చటి అల్యూమినియం రేకు. కత్తి మొన తగిలితే చాలు.

వెనకాల ఉన్న స్టిక్కర్ మీద ఆర్600ఎ అని ఉంది. అంటే ఐసోబ్యుటేన్, మన వంటగ్యాస్ జాతిదే, అంటుకునే గుణం ఉంది. పరిమాణం కొన్ని పదుల గ్రాములే అయినా, అలాంటి శబ్దం వినిపిస్తే స్టవ్ ఆపేసి, కిటికీలు తెరిచి, పక్కన స్విచ్‌లేవీ ముట్టుకోకుండా కాసేపయ్యాక మెయిన్ దగ్గర కరెంటు తీసేయాలి. ఇది ప్రతి ఇంట్లో తెలిసుండాలి. మాకు తెలియలేదు, ఫ్రిజ్ తెల్లారేదాకా నడుస్తూనే ఉంది. ఈ గ్యాస్ నడిచేటప్పుడు కాయిల్ వైపు ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువగా ఉంటుంది. కన్నం పడితే గాలీ తేమా లోపలికి లాక్కుంటుంది. ఆ తేమ కంప్రెసర్ నూనెలో కలుస్తుంది, క్యాపిలరీలో గడ్డకట్టి అడ్డం పడుతుంది. రేకుకు అతుకు వేసినా లోపల జరిగింది పోదు. డబ్బా మార్చి, తేమను పీల్చే ఫిల్టర్ వేసి, గ్యాస్ ఎక్కించడానికి 5,500 అడిగారు, గ్యారంటీ మూడు నెలలే. పాతది ఇచ్చేసి కొత్త సింగిల్ డోర్ తీసుకుంటే పద్నాలుగు వేల చిల్లర. అక్కడ రిపేరుకు డబ్బు పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు.

లోపలి తప్పు అయినంత మాత్రాన ప్రతిసారీ కొత్తది కొనాలనీ కాదు. లీకు కంప్రెసర్ దగ్గరి అతుకులో ఉంటే చేతికి అందుతుంది, బాగు చేయించుకోవచ్చు. ఫోమ్ వెనక గోడల్లో ఉంటే వదిలేయండి. అందుకే ఎవరు "గ్యాస్ పోయింది" అన్నా నేను అడిగించేవి నాలుగు మాటలు. లీకు ఎక్కడుందో చూపిస్తారా? ఫిల్టర్ మారుస్తారా? వాక్యూమ్ పెట్టి గొట్టాల్లోని గాలీ తేమా లాగేస్తారా? గ్యాస్‌ను కాటా మీద తూచి ఎక్కిస్తారా? స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, కొద్ది గ్రాముల తేడాకే చల్లదనం మారుతుంది. ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పే మనిషి రెండొందలు ఎక్కువ అడిగినా నేను ఆయనకే ఇస్తాను. లీకు వెతక్కుండా గ్యాస్ నింపితే అది మళ్లీ పోతుంది. ఇంకో జాగ్రత్త: పాత ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్134ఎ అనే వేరే గ్యాస్ ఉంటుంది. దాని బదులు చవకగా వస్తుందని అంటుకునే గ్యాస్ ఎక్కిస్తామంటే వద్దనండి. ఆ ఫ్రిజ్‌ల లోపలి థర్మోస్టాట్, లైటు స్విచ్ అలాంటి గ్యాస్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

కొత్తది కొంటే కరెంటు ఆదా అవుతుందని షాపులో గట్టిగా చెబుతారు. ఆ మాటా నిజమే, కానీ లెక్క వేసి చూడాలి. నేను ప్లగ్‌కి పెట్టే చిన్న మీటర్‌తో వారం రోజులు చూశాను. మా పాతది నెలకు 35 యూనిట్ల దగ్గర తిరుగుతోంది. అదే సైజు కొత్తదాని స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. దాన్ని పన్నెండుతో భాగిస్తే 20 దగ్గర వచ్చింది. తేడా 15 యూనిట్లు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఇళ్ల రేట్లలో 200 దాటిన యూనిట్‌కు 7.70 వేసుకున్నా నెలకు 115 రూపాయలు. పాతిక వేల ఫ్రిజ్‌కు ఆ ఆదా ఒక్కటే కారణమైతే డబ్బు తిరిగి రావడానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది.

ఒక్క చోట మాత్రం ఈ 15 యూనిట్లకు విలువ పెరుగుతుంది. మీ బిల్లు 200 గీత మీద ఊగుతుంటే. ఆ రేట్లలోనే 195 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 796 రూపాయలు, 210కి 1,097. ఎందుకంటే 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇంట్లో అయితే గీత దాటిన నెల బిల్లంతా కట్టుకోవాల్సిందే. అలాంటి ఇళ్లకు నేను ముందు చెప్పేది డోర్ రబ్బరు, వెనక దుమ్ము, గోడకు ఎడం. రబ్బరు వదులై కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంటే, 120 వాట్లది రోజంతా తిరిగినా నెలకు 86 యూనిట్లు అవుతుంది. ఇవి సరిచేశాక కూడా గీత దాటుతుంటే అప్పుడు కొత్తది ఆలోచించండి.

కొనేటప్పుడు "పదేళ్ల వారంటీ" అనే అక్షరాలు పెద్దగా ఉంటాయి. చాలావాటిలో అది కంప్రెసర్ ఒక్కదానికే. గ్యాస్, కూలి, ఇన్వర్టర్ బోర్డు అందులో ఉన్నాయా లేదా అని బిల్లు వేయకముందే కాగితం మీద చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ సంగతీ అడుగుతున్నారు. ఎర్రగడ్డ సండే మార్కెట్లో చవకగా దొరకొచ్చు, కానీ దాని గొట్టాలు ఇదివరకు ఎవరు కోశారో తెలియదు. ఏడాదికో రెండేళ్లకో ఊరు మారే బ్యాచిలర్లకైతే సరే. కంపెనీ వాళ్ల ఏడాది సర్వీస్ కాంట్రాక్టులు పాత ఫ్రిజ్‌కు నాకు గిట్టుబాటుగా అనిపించలేదు.

అమ్మవాళ్ల కొత్త ఫ్రిజ్ వచ్చిన రెండో రోజే అమ్మ ఫోన్ చేసింది, "పక్కలు వేడిగా కాలుతున్నాయే, ఇదీ పాడైందా" అని. కండెన్సర్ ఇప్పుడు పక్క గోడల్లోనే పెడుతున్నారు, ఆ వేడి సహజమే. ఫ్రిజ్‌ను గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా జరిపించాను. ఫ్రీజర్‌లో ఐస్ అర అంగుళం పట్టగానే ఆఫ్ చేసి, లోపల వేడినీళ్ల గిన్నె ఒకటి పెడుతోంది. కత్తి జోలికి వెళ్లడం లేదు.