శాఖా గ్రంథాలయం కార్డు: స్కూలు రోజుల నుంచి వాడుతున్న పాఠకురాలి మాట

తెలుగు చదివే అలవాటు ఉన్నవాళ్లకు ముందుగా చెప్పేది ఒకటే. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే కార్డు తీసుకోండి. నాది నాన్న పూచీ మీద స్కూల్లో ఉండగా మొదలైంది. పెళ్లయ్యాక మా వారి బదిలీలతో ఊళ్లు మారుతూ వచ్చాం. ఏ ఊరెళ్లినా గ్యాసు, పాలు, లైబ్రరీ కుదిరితేనే నాకు ఇల్లు కుదిరినట్టు. ఇన్నేళ్లు వాడాక కూడా నా ఓటు దానికే.

ఖర్చు పెద్దగా ఉండదు. కొద్దిపాటి డిపాజిట్ కట్టించుకుంటారు, కార్డు వద్దనుకున్నప్పుడు తిరిగి ఇచ్చేస్తారు. అసలు డబ్బు మనం ఇంటి పన్నులోనే కట్టేస్తున్నాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్ పడుతుంది. ఈసారి రసీదు వచ్చినప్పుడు చూడండి. కట్టిన డబ్బుకు పుస్తకం తెచ్చుకోకపోతే నష్టం మనకే.

చాలామంది పేపర్లున్న ముందు గదిలోనే కూర్చుని లేచి వస్తారు. మీరు లోపలికి వెళ్లండి. పుస్తకాల వెన్ను మీద అంటించిన తెల్ల కాగితంపై 894.827 అని రాసి ఉన్న ర్యాకు వెతకండి. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో సర్దే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి ఇచ్చిన అంకె అది. ఈ రోజుల్లో ఏ షాపులోనూ దొరకని పుస్తకాలు నాకు అక్కడే దొరికాయి. డెబ్భైల్లో, ఎనభైల్లో వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి, ఒక్క ముద్రణతో ఆగిపోయిన నవలలు ఉంటాయి. ఆడవాళ్లు రాసిన కథల సంపుటాలు, చిన్న ఊళ్లలో సొంత డబ్బుతో అచ్చేసుకున్న కవిత్వం కూడా ఉంటాయి. ఎవరూ మళ్లీ వెయ్యని పుస్తకాలవి. లైబ్రరీలకు పుస్తకాలు సమకూర్చడానికి కేంద్ర ప్రభుత్వం కోల్‌కతాలో 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ముద్ర ఉన్న పుస్తకం కనిపిస్తే తప్పకుండా తెరిచి చూస్తాను. నాకు నచ్చిన అనువాదాలు కొన్ని అలా దొరికినవే.

నాకు చాలా ఇష్టమైన విషయం ఇంకొకటి ఉంది. పుస్తకంలో అంటించిన తేదీల చీటీ చూస్తే, ఏ ఏడాది ఆ నవల చేతులు మారుతూ తిరిగిందో, ఎప్పటి నుంచి కదలకుండా ఉందో తెలిసిపోతుంది. ఒక నవల చివర ఎవరో పెన్సిల్‌తో “కథ ఇలా ముగించడం అన్యాయం” అని రాశారు. దాని కింద వేరే చేతిరాత, “మీరైతే ఏం చేసేవారు?” పుస్తకాల మీద రాయకూడదని పిల్లలకు నేనే చెబుతాను. అయినా ఆ రెండు వాక్యాలను చెరపడానికి నాకు చెయ్యి రాలేదు.

లోపాలు ఉన్నాయి, చిన్నవేం కాదు. నేను వాడిన ఒక లైబ్రరీలో వానాకాలం వస్తే బీరువాలు గోడకు దూరంగా జరపాల్సి వచ్చేది. ఇంకో ఊళ్లో ఒక్క లైబ్రేరియనే రెండు ఊళ్లు చూసుకునేవారు, తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలిసేది కాదు. కొత్త తెలుగు పుస్తకాలు బాగా ఆలస్యంగా వస్తాయి. పుస్తకాల జాబితా కంప్యూటర్లో ఎక్కడా చూడలేదు, లైబ్రేరియన్ గారి జ్ఞాపకమే దిక్కు. అందుకే వాళ్లతో పరిచయం పెంచుకోండి. ఏం చదువుతారో వాళ్లకు తెలిస్తే, మనం అడగకపోయినా “మీకోసం తీసి పెట్టానమ్మా” అంటారు.

ఇప్పుడు బల్లలన్నీ గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షలకీ చదివే పిల్లలతో నిండి ఉంటున్నాయి. కూర్చోవడానికి చోటు లేదని పెద్దవాళ్లు కొందరు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ఇంట్లో ఒక్క గదిలో నలుగురుండే పిల్లకు ఆ బల్ల, ఆ ఫ్యాను ఎంత అవసరమో నాకు తెలుసు. మనం పుస్తకం తెచ్చుకుని ఇంట్లో చదువుకోవచ్చు.

స్కాన్ చేసిన పాత పుస్తకాలు నెట్‌లో ఉన్నాయి కదా అంటారు. నేనూ వాడతాను, స్వాతంత్ర్యానికి ముందు పుస్తకాలకు అవి బాగా పనికొస్తాయి. కాకపోతే పేజీ వంకరగా పడి అంచు అక్షరాలు పోయినచోట చేసేదేమీ లేదు. పాత పత్రికలు కాగితం మీదే చూడాలంటే మాత్రం వేటపాలెం వెళ్లాలి. అక్కడ 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో భారతి, ఆంధ్రపత్రిక పాత సంచికలు ఉన్నాయి. 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేసింది గాంధీగారు, ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ చూడొచ్చు. పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఒక్కసారైనా వెళ్లి రావాలి.

నెలకో కొత్త పుస్తకం కొనుక్కుని, అదే చదివేవాళ్లకు ఈ కార్డుతో పెద్ద పని ఉండదు. మిగతా అందరూ తీసుకోండి. మా దగ్గర ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు అడిగారు. శుక్రవారం సెలవు, ఆ రోజు తప్ప ఎప్పుడైనా వెళ్లండి.