నాయనమ్మ ఇచ్చిన చార్మినార్ రూపాయి: ఏడేళ్లుగా నేను వాడుతున్న సామాను

నాయనమ్మ తన సందుగలోంచి తీసిచ్చిన హాలీ సిక్కా రూపాయి (నిజాంల కాలపు హైదరాబాద్ వెండి నాణెం) కోసం ఏడేళ్ల కింద మూడు వస్తువులు కొన్నాను: చిన్న డిజిటల్ త్రాసు, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, నాణేల ఆల్బమ్. మొదటి రెండూ ఇప్పటికీ బాగా పనిచేస్తున్నాయి. మూడోది నాణేన్నే పాడుచేసింది.

నాణెం మీది చార్మినార్ బొమ్మలో కమాను మధ్యనున్న ఉర్దూ అక్షరం భూతద్దంలో చక్కగా కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. మాది ‘ఐన్’. హిజ్రీ సంవత్సరం దగ్గరే చిక్కు. పారసీ అంకెల్లో 2, 3 అరిగితే పోల్చుకోలేం. రెండు నెలలు 1342 అనే అనుకున్నాను. సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే చివరి అంకెకు మూడో పన్ను కనిపించింది. 1343, అంటే 1924-25.

నా మార్కులన్నీ త్రాసుకే. ఈ రూపాయి అసలు తూకం 11.18 గ్రాములు, మాది 11.09. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచాను. 1.09 చూపింది, అది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. 11.09ని దాంతో భాగిస్తే 10.17. అంటే నీటికి పదింతలకు పైగా బరువు, 81.8 శాతం వెండి ఉన్న ఈ రూపాయికి సరిపోతుంది. రాగి, నికెల్ కలిపిన నకిలీ అయితే 1.25 దాకా చూపేది. ఫ్యాన్ తిరుగుతుంటే మాత్రం అంకె నిలవదు.

ఆల్బమ్‌లోవి మెత్తటి పీవీసీ కవర్లు. మూడో వానాకాలానికి నాణెం మీద పచ్చటి జిగురు పొర చేరింది. చూసి ప్రాణం ఉసూరుమంది. కిటికీలు తీసి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి నానబెట్టాను. రుద్దకుండా అద్ది ఆరబెట్టాను. పొర పోయింది. ఇప్పుడు గట్టి అక్రిలిక్ డబ్బీలో, పక్కన సిలికా జెల్ పొట్లంతో ఉంది. చింతపండుతో తోముదామని నాయనమ్మ అంటే వద్దన్నాను. ఏళ్లుగా వెండి మీద పట్టిన నలుపు పోతే సేకరించేవాళ్లు ఇచ్చే ధర కూడా పడిపోతుంది.

81.8 శాతం లెక్కన ఇందులో వెండి 9 గ్రాముల పైచిలుకు. ఆ రోజు వెండి రేటు కంటే తక్కువకు ఎవరడిగినా ఇవ్వక్కర్లేదు. అయితే అంచున పాత కొక్కెం అతికిన మచ్చ ఉంది, ఎవరో మెడలో వేసుకున్నారు. దానివల్ల ధర తగ్గుతుంది. మా ఇంట్లో అమ్మే ఆలోచన లేదు.

కొనేవాళ్లు త్రాసుతో పాటు 100 గ్రాముల తూకం రాయి కూడా తీసుకోండి. ఏడాదికోసారి సరిచూడాల్సి వస్తోంది.