పొట్ట తగ్గాలంటే ఏది మేలు: నోరు కట్టుకోవడమా, సరుకుల చీటీ మార్చడమా, చట్టం తేవడమా?

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 24. తెలంగాణలో ఆడవాళ్లు నూటికి 30, మగవాళ్లు 32. అదే సర్వే రక్తహీనతను కూడా చూసింది. ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉంది. అంటే ఒకే ఇంట్లో, కొన్నిసార్లు ఒకే ఒంట్లో, కొవ్వు ఎక్కువ, రక్తం తక్కువ. తిండి ఎక్కువై వచ్చిన జబ్బు ఇది అని ఒక్క ముక్కలో తేల్చేయడం తప్పని ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

అయినా మోకాళ్ల నొప్పని ఆస్పత్రికి వెళ్లిన ఆడమనిషికి మొదట వినపడేది "కాస్త నోరు కట్టుకోమ్మా" అన్న మాటే. ఇంటికొస్తే చుట్టాలూ అదే అంటారు. బాధ్యత మొత్తం ఆమె నాలుకదే అయినట్టు.

బరువు తగ్గించడానికి మన ముందు మూడు దారులున్నాయి. మనిషి తనను తాను అదుపు చేసుకోవడం ఒకటి. ఇంటికి వచ్చే సరుకునే మార్చడం రెండోది. ధర, లేబుల్, నిషేధం వంటి వాటితో సర్కారు బజారును మార్చడం మూడోది. దేన్నైనా నేను మూడు ప్రశ్నలతోనే తూస్తాను. ఎన్నాళ్లు నిలుస్తుంది? భారం ఎవరి మీద పడుతుంది? ఎవరికి అందకుండా పోతుంది?

నోరు కట్టుకోవడం

దీన్ని తక్కువ చేయను. చక్కెర మానేసి, రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, రోజూ నడిచి షుగర్ మాత్రలు తగ్గించుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్ల పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె డైట్ రెండు రాష్ట్రాలనూ ఊపేసింది. ఆ వెనకే కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు ఇంటింటికీ చేరాయి. వీటిలో ఏది పాటించినా మొదటి నెలల్లో బరువు తగ్గడానికి కారణం దాదాపు ఒకటే: చక్కెర, మైదా, నూనెలో వేగిన చిరుతిళ్లు ఒక్కసారిగా ఆగిపోవడం.

నిలబెట్టుకోవడంలోనే చిక్కంతా. అమెరికాలో బరువు తగ్గే పోటీ పెట్టిన ఒక టీవీ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని శాస్త్రవేత్తలు ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. తగ్గిన బరువులో చాలా భాగం ఎక్కువమందికి తిరిగి వచ్చేసింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఆ శరీరాలు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేసే శక్తి, ఆ బరువుకు ఉండాల్సిన దానికన్నా రోజుకు 500 కేలరీల దాకా తక్కువగానే ఉండిపోయింది. ఒళ్లు కరువొచ్చిందనుకుని పొదుపు మొదలుపెట్టి, ఆరేళ్లయినా ఆపలేదు. ఆకలిని అణిచే హార్మోను కూడా తగ్గిపోయింది. అలాంటి మనిషిని "నీకు మనసు గట్టిది కాదు" అనడం అన్యాయం.

మనవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్ బృందం పుట్టిన పిల్లల్ని కొలిచినప్పుడు, మన పిల్లలు ఇంగ్లండు పిల్లలకన్నా తక్కువ బరువుతో పుట్టినా వాళ్ల ఒంట్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ అని తేలింది. పైకి సన్నగా కనపడుతూ లోపల కొవ్వు మోసే శరీరం మనది. అందుకే మన వైద్యులు 2009లోనే గీతను కిందికి దించారు. బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. దర్జీ టేపు ఇంట్లో ఉంటే బరువు చూసే యంత్రం లేకున్నా ఫర్వాలేదు. ఎవరి కంచంలో ఏముందో చూడకముందే, ఎవరి అమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో దగ్గర మొదలయ్యే కథ ఇది.

ఇక భారం ఎవరిమీద అంటే, ఒక్క మనిషి మీదే. ఇంట్లో నలుగురికీ పూరీలు వత్తి, తనకు విడిగా రాగి జావ కాచుకునే ఇల్లాలు ఎన్నాళ్లని రెండు వంటలు చేస్తుంది? పిల్లల కంచాల్లో మిగిలింది పారేయలేక తినేది ఆమే, అందరి తర్వాత తినేదీ ఆమే. నేను చూసినంతలో డైట్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆ మనిషికి పట్టుదల లేక కాదు, ఆ ఇంట్లో ఆమె ఒక్కతే వేరుగా తినాల్సి రావడం వల్ల.

సరుకుల చీటీ మార్చడం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయులకు 17 ఆహార సూత్రాలు ప్రకటించింది. దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతానికి సరిలేని తిండే కారణమని అందులో రాసింది. 2000 కేలరీలు కావాల్సిన మనిషికి రోజుకు ఏ సరుకు ఎంతో గ్రాముల్లో చెప్పింది. గ్రాముల్లో చదివితే మనకు పట్టదు గానీ, నలుగురున్న ఇంటికి, 30 రోజులకు, కిరాణా కొట్టు లెక్కలోకి మార్చి చూడండి.

ధాన్యాలు మనిషికి 250 గ్రాములు. అంటే నెలకు 30 కిలోలు. అన్నం బియ్యం, ఇడ్లీ రవ్వ, గోధుమ పిండి, ఉప్మా రవ్వ, జొన్న పిండి అన్నీ కలిపి. చాలా ఇళ్లలో ఒక్క బియ్యం బస్తాతోనే ఇందులో ఎక్కువ భాగం అయిపోతుంది, పైగా టిఫిన్లు వేరు. నూనె 27 గ్రాములు, అంటే నెలకు లీటరు ప్యాకెట్లు మూడున్నర. ఆవకాయ పెట్టే నెల వేరనుకోండి, మామూలు నెలలో మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు కోస్తున్నారో చూసుకోండి. ఒక పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు, దాదాపు అరగంట నడక. పప్పులు 85 గ్రాములు, మాంసాహారులైతే ఇందులో కొంత గుడ్లు, చేపలు, మాంసం. నెలకు 10 కిలోలు! ఈ లెక్క చూసి నేను నిజంగా ఆగిపోయాను. పప్పన్నం మన తిండి అని చెప్పుకుంటాం గానీ కంచంలో ఉండేది అన్నం, దాని మీద పలచగా పప్పు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. అంటే నలుగురికి రోజూ రెండు కిలోలు.

దేశంలో తిండి నుంచి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2025లో చెప్పింది. చీటీలో బియ్యం గీత కిందికి, పప్పు గీత పైకి జరగాలన్న మాట అందుకే. బియ్యం తీసేసి అంతే కొర్రలు పెడితే పీచు పెరుగుతుంది, మంచిదే, కానీ ధాన్యం ధాన్యమే. కొలత తగ్గాలి.

ఈ దారిలో నాకు నచ్చిందేమిటంటే, పట్టుదల నెలకు ఒక్కసారి చాలు. కొట్టులో చీటీ రాసే పది నిమిషాలు గట్టిగా ఉంటే, మిగతా నెలంతా రోజూ పది సార్లు మనసుతో పోట్లాడక్కర్లేదు. డబ్బాలో మిక్చర్ లేకపోతే రాత్రి పదింటికి అది మానుకోవాల్సిన పని లేదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 20 మందిని ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా వంట పెట్టారు. వాళ్ల ముందు పెట్టిన ఆహారంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలో సమానం, తినగలిగినంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో వాళ్లు తెలియకుండానే రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, సుమారు ఒక కిలో పెరిగారు. ఇంటి తరహా తిండితో అంతే తగ్గారు. ఆ మనుషులే, ఆ మనసులే. మారింది ముందున్న కంచం.

ఇంట్లో అందరిదీ ఒకే వంట అవుతుంది కాబట్టి ఎవరూ వేరు పడరు. పిల్లలకు విడిగా నీతులు చెప్పాల్సిన పని ఉండదు. అయితే చీటీ ఆవిడ రాసి, వంట ఆవిడ చేసి, తిట్లు ఆవిడే పడితే ఇది మొదటి దారికి ఇంకో పేరవుతుంది. భర్త, అత్తగారు, కాలేజీ పిల్లలు చీటీ రాసేటప్పుడు కూర్చోవాలి.

అందనివాళ్లు ఇక్కడా ఉన్నారు. హాస్టల్లో ఉండే కుర్రాడికి చీటీ లేదు. రాత్రి షిఫ్టులో పనిచేసే అమ్మాయికి మెస్ ఏది పెడితే అదే. ఇంకా పెద్ద సంగతి ధర. తెలంగాణలో రేషన్ మీద మనిషికి 6 కిలోల బియ్యం ఉచితం, 2025 నుంచి అవి సన్న బియ్యం. నలుగురికి 24 కిలోలు, అంటే పోషకాహార సంస్థ చెప్పిన ధాన్యాల్లో అయిదింట నాలుగు వంతులు పైసా లేకుండా ఇంటికొస్తున్నాయి. 10 కిలోల పప్పు, 60 కిలోల కూరగాయలు, పండ్లు మాత్రం కొనుక్కోవాలి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు అది ఆకలి మీద యుద్ధం, ఆ బియ్యం లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. కానీ నలభై ఏళ్లుగా ప్రభుత్వం బియ్యానికి సాయం పట్టి, పప్పును చాలావరకు బజారుకు వదిలేస్తే, పేద ఇంటి కంచంలో అన్నం కుప్ప పెరగడం ఆ ఇల్లాలి బాధ్యతారాహిత్యం ఎలా అవుతుంది?

చట్టం, పన్ను, లేబుల్

అందుకే మూడో దారి లేకుండా పని జరగదు. మెక్సికో 2014 జనవరి నుంచి తీపి పానీయాలపై లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. రెండేళ్ల సగటున కొనుగోళ్లు 7.6 శాతం తగ్గాయి. చిలీ 2016లో ఇంకా గట్టి పని చేసింది. చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు దాటిన ప్యాకెట్ మీద నల్లటి ఎనిమిది పలకల గుర్తు, అలాంటి వాటి మీద పిల్లల్ని ఆకర్షించే బొమ్మలు బంద్, బడుల్లో అమ్మకం బంద్. తీపి పానీయాల కొనుగోలు సుమారు 24 శాతం తగ్గింది.

మన దగ్గర? కేరళ 2016లో బ్రాండెడ్ హోటళ్ల బర్గర్లు, పిజ్జాలపై 14.5 శాతం పన్ను వేసింది, మరుసటి ఏడాది జీఎస్‌టీ రాగానే అది పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కూల్‌డ్రింకుల మీద జీఎస్‌టీ 40 శాతం. అదే రోజున బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీమ్, నామ్‌కీన్, ఇన్‌స్టంట్ నూడుల్స్ 5 శాతానికి దిగాయి. చక్కెర వేసిన సోడాకూ, చక్కెర లేని తీపి సోడాకూ పన్ను ఒకటే కాబట్టి కంపెనీ చక్కెర తగ్గించడానికి అందులో ప్రోత్సాహమేమీ లేదు. ఇది ఆరోగ్యం చూసి వేసిన పన్ను అనుకోవడానికి నాకు ఆధారం కనపడదు.

లేబుల్ విషయంలో ఆహార భద్రతా సంస్థ 2022లో నక్షత్రాల పద్ధతి ముసాయిదా తెచ్చింది, ప్యాకెట్ మీద నక్షత్రాలు ఎక్కువుంటే ఆ తిండి అంత మంచిదని అర్థం. నాకు అది నచ్చలేదు. పీచు, గింజలు, పప్పు వంటివి కలిపితే చక్కెర, ఉప్పుకు పడ్డ చెడ్డ మార్కులు కొంత మాఫీ అవుతాయి. రెండు నక్షత్రాలున్న బిస్కెట్ చూసి తల్లి ఏమనుకుంటుంది? కాస్త మంచిదే అనుకుంటుంది. నల్ల గుర్తు మీద "చక్కెర ఎక్కువ" అని తెలుగులో ఉంటే చదువురాని అవ్వకు కూడా ఆ గుర్తు అర్థం తెలిసిపోతుంది.

చట్టానికి ఉన్న లోపం కూడా చెప్పాలి. అది ప్యాకెట్‌ను పట్టుకుంటుంది, బండి మీద పునుగులను పట్టుకోలేదు. పెళ్లిలో రెండోసారి వడ్డించే లడ్డూను అసలే పట్టుకోలేదు. మన నూనె, మన తీపి చాలావరకు లేబుల్ లేని చోటే ఉన్నాయి.

బరువు తగ్గించే సూదిమందుల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఒక మాట. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశానికి వచ్చాయి. వెగోవీలోని సెమాగ్లూటైడ్ అనే మందుతో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది, ఆపిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఊబకాయంతో పాటు షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్ పర్యవేక్షణలో అది నిజమైన వరం. పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గడానికి వాడేది కాదు.

అయితే ఏది?

ఒక్కటే ఎంచుకోమంటే సరుకుల చీటీ. ఎక్కువ కాలం నిలిచేది, ఈ నెలే మొదలుపెట్టగలిగేది అదే. ఒకేసారి అన్నీ మార్చొద్దు. మొదటి నెల నూనె ఒక ప్యాకెట్ తగ్గించండి, రెండు కిలోల పప్పు పెంచండి. రెండో నెల బియ్యం జోలికి వెళ్లండి. నోరు కట్టుకోవడాన్ని పెళ్లిళ్లకు, హోటళ్లకు, చీటీ చేరని చోట్లకు దాచుకోండి. అక్కడ దాని అవసరం నిజంగా ఉంది, రోజూ వాడి అరగదీయకూడదు.

హాస్టల్ పిల్లలకు, రేషన్ మీద బతికే ఇళ్లకు మాత్రం నేను మొదటి రెండు దారులూ సూచించలేను. వాళ్లకు కావాల్సింది రేషన్ షాపులో పప్పు, మెస్‌లో ఆకుకూర, గుడ్డు. ఈ కోరిక ఓటు అడగడానికి వచ్చినవాళ్ల ముందు పెట్టాల్సినది. చట్టాల్లో ఇప్పటికే ఉండి అమలుకు నోచుకోనిది ఒకటుంది. 2020లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం బడి ఆవరణలోనూ, దాని గేటుకు 50 మీటర్ల లోపులోనూ చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న తిండి పిల్లలకు అమ్మకూడదు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఆ 50 మీటర్ల సంగతి అడగండి. బళ్లలో పిల్లలు రోజుకు ఎంత చక్కెర తినొచ్చో చూపే బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025 మేలో చెప్పింది. మీ పిల్లల బడి సీబీఎస్ఈ అయితే ఆ బోర్డు ఎక్కడుందో కూడా అడగండి.