కాప్రీలో ప్రైవేట్ బోటా, గ్రూప్ బోటా?

ఇటలీలోని కాప్రీ దీవి చుట్టూ తిరగడానికి రెండు రకాల పడవలూ మరీనా గ్రాండే రేవులో దొరుకుతాయి. రెండిట్లోనూ సముద్రంలోంచి నిటారుగా లేచిన ఫరాగ్లియోనీ రాళ్లు చూడొచ్చు.

ఖర్చు: గ్రూప్ బోటుకు మనిషికింత టికెట్. ప్రైవేట్ బోటుకు మొత్తం పడవకు అద్దె. ఇద్దరికైతే భారమే, ఆరుగురు పంచుకుంటే అంత అనిపించదు.

ఈత: గ్రూప్ బోటు చాలాసార్లు ఈతకు ఆగదు, ముందే అడగండి. ప్రైవేట్ బోటులో గ్రీన్ గ్రోటో అనే సముద్రపు గుహ దగ్గర ఆపించుకుని, పచ్చటి నీళ్లలో హాయిగా ఈదొచ్చు. డబ్బు పెట్టాల్సింది దీనికే అంటాను.

బ్లూ గ్రోటో: లోపల నీళ్లు నీలంగా మెరిసే గుహ ఇది. ఇక్కడ రెండు బోట్లవాళ్లకీ ఒకటే రూలు. గుహ ద్వారం ఎత్తు సుమారు 1 మీటరే. ఏ పడవలో వచ్చినా చిన్న తెడ్డు పడవలోకి మారి, వెల్లకిలా పడుకుని లోపలికి వెళ్లాలి. టికెట్ వేరు, క్యూ వేరు. నీటి అడుగున ఉన్న కంతలోంచి వెలుతురు రావడం వల్లే ఆ నీలం. లోపల ఈత నిషేధం. కాబట్టి ఈ ఒక్క గుహ కోసమే ప్రైవేట్ బోటు తీసుకోవద్దు. కాకపోతే క్యూ పెద్దదైతే ‘పదండి, ఇంకో గుహకి’ అనగలిగేది ప్రైవేట్ బోటులోనే.

రిస్క్: అలలు లేస్తే బ్లూ గ్రోటో మూసేస్తారు. చిన్న పడవ ఎక్కువ ఊగుతుంది, వాంతుల టెన్షన్ ఉన్నవాళ్లకు పెద్ద గ్రూప్ బోటే నయం.

ఒంటరిగానో జంటగానో వెళ్లి చుట్టూ చూస్తే చాలనుకుంటే గ్రూప్ బోటు. ఈత వచ్చిన పిల్లలతో కుటుంబమంతా వెళ్తుంటే ప్రైవేట్ బోటు, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో చూశాకే.